రెండు చుట్లు తిప్పితే రంగు లింకులు మాయం

నిన్న ఇంజన్ స్టార్టయింది. బాగానే ఆడుతోంది. కానీ టైమింగ్ చైన్ (కింద పిస్టన్లని ఆడించే క్రాంక్‌నీ, పైన వాల్వులు తెరిచే క్యామ్‌లనీ వంతు తప్పకుండా కలిపి తిప్పే గొలుసు) విషయంలో నన్ను నలుగురిలో తీసిపారేసిన వాళ్ళ మీద కోపం ఇంకా దిగలేదు. అందుకే ఆ వేడి మీదే రాస్తున్నాను. మొదటిసారి చైన్ ఎక్కించి, క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పి చూసి, ఎక్కించేటప్పుడు గుర్తులకి కలిపిన రంగు లింకులు ఎక్కడికో పోయాయని తల పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఒక్క మాట: ఇప్పుడే ఏమీ విప్పకండి.

ఇంజన్ నాలుగు సిలిండర్ల పెట్రోల్‌ది. పైన రెండు క్యామ్‌లు, ఇన్‌టేక్ క్యామ్‌కి వేరియబుల్ టైమింగ్ (ఇంజన్ నడుస్తుండగానే వాల్వులు తెరుచుకునే వేళని మార్చే ఏర్పాటు). హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్లో కలిసింది. హెడ్ ఎలాగూ దించాం కదా అని మొత్తం విప్పేశాను. బ్లాక్ హోనింగ్ (సిలిండర్ల లోపలి గోడలకి సానపట్టడం), కొత్త రింగులు, కొత్త బేరింగులు. కొలతలు తీసుకుంటూ పోతే ఆ పనిలో భయపడాల్సింది ఏమీ లేదు. హెడ్ బోల్టులు మాత్రం కొత్తవి వేయండి, డిగ్రీల లెక్కన బిగించే బోల్టుల్లో చాలావి మొదటిసారికే సాగిపోతాయి. క్యామ్ క్యాపులు ఏ నంబరుది ఆ చోటే పెట్టి, మధ్య నుంచి అంచులకి కొద్దికొద్దిగా బిగించుకుంటూ వెళ్ళాలి. ఇక్కడిదాకా నన్నెవరూ ఏమీ అనలేదు.

క్యామ్‌లు కూర్చోబెట్టే ముందు క్రాంక్‌ని టీడీసీకి (ఒకటో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి) 90 డిగ్రీలు వెనక ఉంచాను. అప్పుడు నాలుగు పిస్టన్లూ సుమారు సగం కిందికి దిగి ఉంటాయి, క్యామ్ ఎటు తిరిగినా వాల్వు వెళ్ళి పిస్టన్‌కి తగలదు. నాది వాల్వులూ పిస్టన్లూ ఒకే జాగాలోకి వంతులవారీగా వచ్చిపోయే ఇంజన్. వంతు తప్పితే వంగేది వాల్వే. క్యామ్‌లు రెండూ గుర్తుల మీదికి వచ్చాక, అప్పుడు క్రాంక్‌ని ముందుకు తిప్పి టీడీసీకి తెచ్చాను.

టీడీసీ గురించి ఒక మాట. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ దించి, అది పైకి లేవడం ఆగగానే "ఇదే టీడీసీ" అనేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పై కొసన పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది, ఆ పద్ధతిలో దొరికేది అంచనా మాత్రమే. డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ ఎక్కేటప్పుడు ఒక ఎత్తు దగ్గర, దిగేటప్పుడు మళ్ళీ అదే ఎత్తు దగ్గర పుల్లీ మీద గీతలు గీసి, రెండింటి మధ్య సగం తీసుకుంటే అసలు టీడీసీ దొరుకుతుంది. నేను అలాగే చూశాను. ఫ్యాక్టరీ గుర్తుతో సరిగ్గా కలిసింది.

ఇంకొకాయన "అది కంప్రెషన్ టీడీసీయా, ఎగ్జాస్ట్ టీడీసీయా, ముందు అది చూసుకో" అని చాలాసేపు బుర్ర తిన్నాడు. పిస్టన్ గాలిని నొక్కుతూ పైకొచ్చినా, పొగని బయటికి తోస్తూ పైకొచ్చినా టీడీసీయే, ఆయన అడిగింది ఆ రెండింట్లో ఏదని. చైన్ లేనప్పుడు క్రాంక్‌కి ఆ తేడా ఉండదు. ఒకటో పిస్టన్ పైన ఉందంటే పైన ఉంది, అంతే. అది కంప్రెషనో ఎగ్జాస్టో తేల్చేవి క్యామ్‌లు. నా ఇంజన్లో ఒకటో సిలిండర్ లోబ్‌లు (వాల్వుని నొక్కే క్యామ్ ఉబ్బులు) రెండు వైపులా బయటికి, ఒకదానికొకటి ఎడంగా చూస్తుంటే వాల్వులు మూసుకుని ఉన్నట్టు. అది కంప్రెషన్.

వేరియబుల్ టైమింగ్ ఉన్నవాళ్ళు మర్చిపోకూడనిది ఫేజర్, అంటే క్యామ్‌ని కాస్త ముందుకీ వెనక్కీ జరిపే భాగం. లోపలి పిన్ను దాని తాళం స్థానంలో పడి ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. ఇన్‌టేక్‌ది మామూలుగా పూర్తిగా వెనక్కి వచ్చి లాక్ అవుతుంది. లాక్ కాకుండా గుర్తు కలిపితే మీరు కలిపింది గుర్తుతో గుర్తునే, క్యామ్ మాత్రం వేరే చోట ఉంటుంది. స్ప్రాకెట్ (చైన్ పట్టుకునే పళ్ళ చక్రం) బోల్టు బిగించేటప్పుడు క్యామ్ మీదున్న ఆరు పలకల భాగాన్ని స్పానర్‌తో పట్టుకోండి. ఆ బలం చైన్ మీద పడకూడదు.

ఇక చైన్. కొత్త చైన్లో మూడు రంగు లింకులు: క్యామ్‌లకి రెండు పసుపు, క్రాంక్‌కి ఒకటి నారింజ. నారింజది క్రాంక్ స్ప్రాకెట్ గుర్తు మీద పెట్టి, క్రాంక్ లాగే వైపు చైన్‌ని గైడు (చైన్ జారే ప్లాస్టిక్ పట్టీ) మీదుగా బిగుతుగా పైకి తెచ్చి, ఒక క్యామ్ గుర్తు మీద పసుపు, తర్వాత రెండో క్యామ్ గుర్తు మీద రెండో పసుపు. వదులంతా టెన్షనర్ (చైన్‌ని బిగుతుగా నొక్కి ఉంచే భాగం) వైపుకే రావాలి. లాగే వైపు వదులు మిగిలితే, పెట్టినప్పుడు గుర్తులన్నీ చక్కగా కనిపిస్తాయి, తిప్పగానే తేడా బయటపడుతుంది. టెన్షనర్ ప్లంజర్‌ని లోపలికి నొక్కి, సన్నటి పిన్నుతో ఆపి, బిగించి, పిన్ను లాగేశాను. ప్లంజర్ టక్కున బయటికొచ్చి గైడుని నొక్కింది. పిన్ను లాగకుండా క్రాంక్‌ని ఒక్క డిగ్రీ కూడా తిప్పొద్దు.

తర్వాత మాన్యువల్లో ఒక వాక్యం: క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పి గుర్తులు సరిచూసుకోవాలి. ఏ గుర్తులో చెప్పలేదు. ఆ వాక్యం రాసినవాడు నాకెప్పుడైనా ఎదురుపడితే ఆ పేజీ వాడి చేతికిచ్చి పక్కన కూర్చుంటాను.

ప్లగ్గులు తీసేసి, క్రాంక్ బోల్టుకి పొడుగు రెంచ్ తగిలించి, ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాను. ఎక్కడా అడ్డు తగల్లేదు. క్రాంక్ గుర్తు దాని చోటికి వచ్చింది. క్యామ్ గుర్తులు రెండూ వాటి చోటికి వచ్చాయి. రంగు లింకులు మాత్రం ఒక్కటీ లేదు. పసుపుది ఒకటి లాగే వైపు గైడు మధ్యలో తేలింది, నారింజది ఎక్కడో పైన. గుండె జారింది. గుర్తులు కలిశాయి, లింకులు కలవలేదు. ఏది నమ్మాలి?

బ్లాక్ హోనింగ్ చేసిన మిషన్ షాపు పెద్దాయనకి ఫోన్ చేశాను. నా పని చూడాలని ఆయనకి మొదటి నుంచీ కుతూహలం. వచ్చాడు, వెంట ఇద్దరు కుర్రాళ్ళని కూడా తెచ్చుకున్నాడు. టార్చి వేసి ఒక్కసారి చూశాడు.

"చైన్ ఒక పన్ను జారింది బాబూ. విప్పేసి మళ్ళీ పెట్టు."

"అన్నా, స్ప్రాకెట్ గుర్తులు మూడూ కరెక్టుగానే ఉన్నాయి కదా?"

"లింకే గుర్తు మీద లేకపోతే ఇంక టైమింగ్ ఎక్కడుందయ్యా? రంగు ఊరికే వేస్తారా?" అని కుర్రాళ్ళ వైపు తిరిగి, "పుస్తకం చూసి ఇంజన్ కడితే ఇట్లాగే ఉంటది" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నా దగ్గర జవాబు లేదు, నోరు మూసుకుని నిలబడ్డాను. నా ఇంజన్, నా పానాలు, నా షెడ్డు, అక్కడ నేనే దండగమనిషిని.

చైన్ అమ్మిన షాపులో అడిగితే ఇంకా అన్యాయం. ఒకవేళ లింకుల లెక్క తేడాగా ఉన్న చైన్ ఇచ్చారేమో అన్న అనుమానంతో అడిగాను. కౌంటర్ మీదున్నతను తలెత్తకుండానే "ఆయిల్ అంటిన చైన్ వాపసు తీసుకోం" అన్నాడు. వాపసు నేను అడగనే లేదు! ఎన్ని లింకులుండాలో చెప్పమన్నాను. "మెకానిక్‌ని తీసుకురండి, ఆయనకి చెప్తాం" అన్నాడు. ఇలాంటి కౌంటర్ల దగ్గర ప్రశ్న అడగడమే నేరం.

ఆ రాత్రి పెద్దాయన మాట విని విప్పబోయి ఆగాను. విప్పి మళ్ళీ అదే పెడితే మళ్ళీ ఇదే కనిపిస్తుంది కదా, అప్పుడేం చేస్తాం? విప్పే బదులు లెక్కపెట్టాను. క్రాంక్ స్ప్రాకెట్‌కి 18 పళ్ళు. క్యామ్ స్ప్రాకెట్‌కి 36. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకటి తిరగాలి కాబట్టి ఇది ఎప్పుడూ రెట్టింపే ఉంటుంది. చైన్‌కి సుద్దతో గీత పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కిస్తే 122 లింకులు.

అంతే, విషయం బయటపడింది. క్రాంక్ రెండు చుట్లకి చైన్ జరిగేది 36 లింకులు. చైన్ పొడవు 122. అంటే గుర్తులు వాటి చోటికి వచ్చేసరికి చైన్ తన చుట్టులో మూడో వంతు కూడా దాటలేదు. లింకులు ఎలా కలుస్తాయి? రంగులు మళ్ళీ గుర్తుల మీదికి రావాలంటే 36తోనూ 122తోనూ తెగే అతి చిన్న అంకె కావాలి, అది 2196. దాన్ని 18తో భాగిస్తే 122. క్రాంక్ 122 చుట్లు తిరిగితే తప్ప రంగు లింకులు మళ్ళీ అన్ని గుర్తుల మీదా ఒకేసారి కనిపించవు. ఇంజన్ 800 ఆర్పీఎమ్ మీద ఐడిల్ అవుతుంటే సుమారు తొమ్మిది సెకన్లకోసారి ఆ ముచ్చట జరుగుతుంది. చేత్తో తిప్పుతూ చూడాలంటే భుజం ఊడుతుంది. చైన్ పొడవు 36తో తెగకపోవడంలో ఒక మేలు కూడా ఉంది: ఏ లింకూ ప్రతి చుట్టులోనూ అదే పన్ను మీద పడదు, అరుగుదల పంచుకుంటుంది.

రంగు లింకులు ఎక్కించేటప్పటి సాయం. ఎక్కించాక చూడాల్సినవి స్ప్రాకెట్ గుర్తులు. ఈ రెండు ముక్కలు మాన్యువల్లో ఉంటే నాకు ఆ నవ్వులు తప్పేవి.

లెక్క తేలినా ఊరుకోలేదు, రెండో సాక్ష్యం కూడా చూశాను. రెండు క్యామ్ గుర్తుల మధ్య పైభాగంలో ఎన్ని లింకులున్నాయో లెక్కించాను. తర్వాత చైన్ మీద రెండు పసుపు లింకుల మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కించాను. రెండూ ఒకటే. లాగే వైపు క్యామ్ గుర్తు నుంచి క్రాంక్ గుర్తు దాకా, పసుపు నుంచి నారింజ దాకా, అవీ ఒకటే. పన్ను జారి ఉంటే ఈ లెక్కల్లో ఎక్కడో ఒకటి తేడా రావాలి. మీరూ ఇలాగే చూడండి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త చైన్‌ని పెట్రోల్లో కడిగితే రంగు పోవచ్చు, ఎక్కించే ముందే ఆ లింకుల మీద మీ సొంత పెయింట్ చుక్కలు పెట్టుకోండి.

"గుర్తు కొంచెం పక్కకి ఉన్నట్టుంది, సగం పన్ను తేడా" అని బెంగపడేవాళ్ళకి: చైన్ సగం పన్ను జారదు. జారితే పూర్తి పన్నే. 36 పళ్ళ స్ప్రాకెట్ మీద ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర 10 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 20. అది కంటికి బాగానే కనిపిస్తుంది. అంతకంటే తక్కువ తేడా అంటే మీరు ఏటవాలుగా చూస్తున్నారు, లేదా లాగే వైపు ఇంకా వదులుంది. హెడ్ బాగా మిల్లింగ్ చేయించినా క్యామ్ కాస్త వెనకబడినట్టు కనిపిస్తుంది, క్రాంక్‌కి క్యామ్‌కి మధ్య దూరం తగ్గుతుంది కదా. కీ (స్ప్రాకెట్ జారకుండా షాఫ్టు గాడిలో పెట్టే ముక్క) లేకుండా కేవలం బోల్టు బిగింపు మీద నిలబడే స్ప్రాకెట్లున్న ఇంజన్లకి ఈ మాటలేవీ చెల్లవు. వాటికి క్యామ్ లాక్ ప్లేటూ క్రాంక్ పిన్నూ లేకుండా చెయ్యి పెట్టకండి.

మర్నాడు కాగితం మీద లెక్క వేసి పెద్దాయనకి చూపించాను. 2196 దగ్గర వేలు పెట్టి కాసేపు చూశాడు. "సర్లే, స్టార్టయినప్పుడు చూద్దాం" అన్నాడు. తెలీదు అనే మాట ఆ నోట రాదు. ఆయన హోనింగ్ పనికి నేను వంక పెట్టను, సిలిండర్లు అద్దంలా చేశాడని కాదు, చేయాల్సినట్టు అడ్డగీతలతో చేశాడు. కానీ ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాడి ముందు ఊహని తీర్పులా చెప్తే, ఆ కొత్తవాడు బాగున్న పని విప్పి చెడగొట్టుకుంటాడు. ఆ రోజు నేను విప్పలేదు, ఆ విషయంలో నన్ను నేనే మెచ్చుకుంటాను.

ఫ్రంట్ కవర్‌కి సీలెంట్ వేసేటప్పుడు హెడ్డూ బ్లాకూ కలిసే గీత దగ్గర కాస్త ఎక్కువ వేయండి, ఆరకముందే కవర్ మూసేయండి.

స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాను. టెన్షనర్ లోపలి స్ప్రింగుకి తోడు ఆయిల్ ప్రెషర్ కూడా ఉంటేనే చైన్ పూర్తిగా బిగుస్తుంది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దగ్గరదగ్గరగా ఒకేలా వచ్చింది. ప్లగ్గులు బిగించి తాళం తిప్పితే రెండు మూడు సెకన్లు చైన్ గలగలలాడి, ప్రెషర్ రాగానే సద్దుమణిగింది. స్కానర్ పెట్టి చూశాను. క్రాంక్, క్యామ్ సిగ్నళ్ళు కలవకపోతే వచ్చే పీ0016 లేదు, వేరే ఏ కోడూ లేదు. ఆ ఖాళీ స్క్రీన్‌ని ఫోటో తీసి పెద్దాయనకి పంపాను. చూశాడు, జవాబివ్వలేదు.

కాసేపు నడిపి మొదటి ఆయిల్ ఇవాళే మార్చేశాను. ఫిల్టర్ కోసి చూస్తే కొత్త రింగులు కుదురుకునేటప్పుడు వచ్చే సన్నటి మెరుపు పొడి ఉంది. గైడుల ప్లాస్టిక్ ముక్కలేవీ లేవు.