పట్టాలు లేని లైను మీద నాన్నతో

శనివారం రాత్రి

పిట్స్‌బర్గ్ వచ్చినప్పటి నుంచీ పెన్ హిల్స్ వెంకన్న గుడికి తప్ప ఎక్కడికీ రానంటున్న నాన్న, "పాత రైల్వే లైను చూద్దాం" అనగానే స్వెట్టర్ వేసుకుని రెడీ అయిపోయారు. సర్వీసంతా కొత్తవలస–కిరండోల్ లైనులో కీమన్‌గా చేసిన మనిషి. బొర్రా, అరకు వైపు ఘాట్ సెక్షన్‌లో రోజూ సుత్తి, స్పానర్ పట్టుకుని పట్టాల వెంట నడిచారు.

మేం వెళ్ళింది యాకగేనీ నది పక్కన, వాన్ మీటర్ దగ్గరికి. 1883లో వేసిన లైను అది. కానెల్స్‌విల్ చుట్టుపక్కల బొగ్గు, దాన్ని కాల్చి చేసే కోక్ పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులకి దాని మీదే వెళ్ళేవి. మిల్లులు మూతపడ్డాక లైనుకి పని లేకుండా పోయింది. ఇప్పుడు అదే గట్టు మీద సున్నపురాయి పొడి పరిచి, నడవడానికీ సైకిళ్ళకీ దారి చేశారు. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్‌లాండ్ దాకా 150 మైళ్ళు, పేరు గ్రేట్ అలెఘెనీ ప్యాసేజ్. మొదటి ముక్క 1986లో ఒహాయోపైల్ దగ్గర తెరిస్తే, మొత్తం కలిసేసరికి 2013 వచ్చింది.

నాన్నకి ముందు బాధే కలిగింది. "ఇంత మంచి ఫార్మేషన్ (పట్టాల కింది గట్టు) వేసి పట్టాలు ఎలా పీకబుద్ధేసిందమ్మా వీళ్ళకి?" అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక కల్వర్టు దగ్గర ఆగి, కిందికి వంగి, రాళ్ళ మధ్య అతుకుల మీద చెయ్యి వేసి చూశారు. లైను కోసం కొండని కోసిన చోట, పక్కనున్న కాలువ నోట్లో మేపుల్ ఆకులు పేరుకుని నీళ్ళు నిలిచిపోయాయి. ఓ కర్ర తీసుకుని మొత్తం లాగేశారు. నీళ్ళు బుడబుడమంటూ కదిలాక గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. "లైనుకి శత్రువు రైలు కాదు, నీళ్ళు" అన్నారు. వానాకాలం రాత్రులు కొండ మీంచి బండలు పడతాయేమోనని లాంతరుతో పెట్రోలింగ్‌కి వెళ్ళిన మనిషి చెప్తే ఆ మాట బరువే వేరు.

కానీ కొండల్లో లైనుకి దారి ఇచ్చేదీ ఆ నీళ్ళే. యాకగేనీ ఎప్పట్నుంచో కోసి పెట్టుకున్న లోయ వెంబడే ఇంజనీర్లు గట్టు వేసుకుంటూ పోయారు. అందుకే ఇంత కొండ ప్రాంతంలోనూ ఎత్తు తెలియదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్న హాయిగా నడిచారు.

అవతలి గట్టున లైను ఇంకా బతికే ఉంది. మేం ఉండగానే ఓ పొడవాటి గూడ్స్ వెళ్ళింది. నాన్న చివరిదాకా చూసి, "గార్డు వ్యాన్ ఏదీ?" అని కంగారుపడ్డారు. ఇక్కడ చివరి వ్యాగన్‌కి ఒక పెట్టె తగిలిస్తారు, బ్రేకు ప్రెషర్ సంగతి అదే ఇంజన్‌కి చెప్తుంది అన్నాను. అయినా ఆయన మొహంలో తృప్తి లేదు.

కొంచెం ముందుకెళ్తే డార్ బొగ్గు గని బోర్డు. 1907 డిసెంబర్ 19న పేలుడు జరిగి 239 మంది పోయారు. చాలామంది హంగరీ వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు, వాళ్ళలో పిల్లలు కూడా. ఆ రోజు సెయింట్ నికోలస్ పండగని చర్చికి వెళ్ళి పనికి రానివాళ్ళు బతికిపోయారు. నేను తెలుగులో చదివి చెప్తుంటే నాన్న టోపీ తీసేశారు. "మా లైనులో ఇనుప రాయి, ఇక్కడ బొగ్గు. మనుషులు మాత్రం ఒకటే" అన్నారు. 58 సొరంగాలున్న లైనులో పనిచేసిన ఆయనకి కొండ తవ్వడమంటే ఏమిటో నేను చెప్పాలా! సైకిళ్ళ మీద సరదాగా వెళ్ళేవాళ్ళు ఈ బోర్డు దగ్గర ఒక్క నిమిషమైనా ఆగాలని నాకు గట్టిగా అనిపించింది.

ఇంటికొచ్చి భోజనం చేస్తూ, ఇదే దారిలో ఉన్న బిగ్ సావేజ్ సొరంగం గురించి చెప్పాను. పొడవు 3,294 అడుగులు. లోపల కారే నీళ్ళు గడ్డకట్టి గోడలు పాడవకుండా చలికాలమంతా తలుపులు మూసేస్తారు. ఆ కారే నీళ్ళని ఎటు మళ్ళించారో నాన్నకి చూడాలని ఉందట. డిసెంబర్‌లో మూసేలోపు తీసుకెళ్ళమన్నారు. వచ్చే శనివారం వాన లేకపోతే వెళ్తాం.