ట్యాంకు అలర్ట్‌లకు ఒక ఖాతా పుస్తకం

మొదటి శనివారం

మేడ మీద ట్యాంకు మూతకి అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి నెలైంది. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు నిమిషానికోసారి సెన్సర్ నుంచి నీళ్లదాకా ఎంత దూరమో పంపుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో చిన్న పైథాన్ స్క్రిప్ట్ దాన్ని ఎలాస్టిక్‌సెర్చ్ అనే డేటాబేస్‌లో వేస్తుంది, రోజుకి 1440 రికార్డులు. నీళ్లు తగ్గితే బజర్ మోగేది, ఎవరో ఒకరు ఆపేసేవారు, కథ అక్కడితో సరి. ఎప్పుడెప్పుడు ఖాళీ అయిందని అడిగితే ఇంట్లో తలా ఒక మాట. అందుకే అలర్ట్ వచ్చిన ప్రతిసారీ అదే ఒక రికార్డుగా పడాలనుకున్నాను.

ఎలాస్టిక్‌సెర్చ్‌లోని డేటాని చూపించి, అలర్ట్‌లు ఇచ్చేది కిబానా. అందులో అలర్ట్‌ని మెయిల్‌గా పంపే ఈమెయిల్ కనెక్టర్‌కి డబ్బు కట్టాలి, అలర్ట్‌ని ఇండెక్స్‌లో (ఎలాస్టిక్‌సెర్చ్‌లో రికార్డులుండే పట్టిక లాంటిది) రాసే ఇండెక్స్ కనెక్టర్ ఉచితం. నాకు కావలసిందీ అదే. ముందుగా కిబానా.వైఎమ్ఎల్ అనే సెట్టింగుల ఫైల్లో కనీసం 32 అక్షరాల ఎన్‌క్రిప్షన్ కీ (రహస్య వివరాలను దాచే తాళం) పెట్టాలి. ఆ తర్వాత ఇండెక్స్ థ్రెషోల్డ్ రూల్, అంటే కొలత హద్దు దాటితే అలర్ట్ ఇచ్చే నియమం: గత 5 నిమిషాల సగటు దూరం 95 సెంటీమీటర్లు దాటితే అలర్ట్.

ఆదివారం

పొద్దున ఆరున్నరకి ట్యాంకు ఖాళీ. అలర్ట్ లేదు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి వచ్చింది! అయిదున్నర గంటల తేడా అనగానే వెలిగింది. నా స్క్రిప్ట్ మన టైమ్‌ని టైమ్‌జోన్ లేకుండా రాస్తోంది, ఎలాస్టిక్‌సెర్చ్ దాన్ని యూటీసీ (మన టైమ్‌కన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటోంది. అంటే నా కొలతలన్నీ భవిష్యత్తులో పడుతున్నాయి, రూల్ ఏమో గత 5 నిమిషాల్లో వెతుకుతోంది. టైమ్ చివర +05:30 చేర్చాక సర్దుకుంది.

బుధవారం

ఒక్కసారి ఖాళీ అయితే 47 రికార్డులు. తప్పు నాదే, యాక్షన్ ఫ్రీక్వెన్సీని (రికార్డు ఎంత తరచుగా రాయాలన్నది) ప్రతి చెక్‌కీ అని వదిలేశాను. స్టేటస్ మారినప్పుడే అని మార్చాను. రికవర్డ్‌కి (అలర్ట్ తీరిపోయిన స్థితికి) ఇంకో యాక్షన్ కూడా పెట్టాను. ఇప్పుడు ఖాళీకి ఒకటి, నిండాక ఒకటి.

రెండో శనివారం

ఈ రోజంతా మ్యాపింగ్‌తోనే (ఏ ఫీల్డ్‌లో ఏ రకం డేటా ఉండాలో చెప్పేది) గడిచింది. కనెక్టర్ రాసే డాక్యుమెంట్‌లో (రికార్డు నమూనాలో) రూల్ పేరు, కొలత వంటివి రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాయాలి, మొత్తం సరైన జేసన్‌గా (డేటా రాసే ఒక పద్ధతి) ఉండాలి కాబట్టి చుట్టూ కోట్స్ తప్పవు. దాంతో 97 అనే అంకె కూడా అక్షరాలుగానే వెళ్తుంది. ఇండెక్స్‌ని ముందుగా తయారు చేయకపోతే ఎలాస్టిక్‌సెర్చ్ మొదటి రికార్డుని చూసి ఆ ఫీల్డ్‌ని టెక్స్ట్‌గా ఖాయం చేసేస్తుంది. సగటు తీయబోతే ఎర్రర్. ఉన్న ఫీల్డ్ రకాన్ని మార్చనివ్వదు. దూరాన్ని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్య), సమయాన్ని డేట్‌గా పెట్టి కొత్త ఇండెక్స్ చేసి, పాత రికార్డులని అందులోకి రీఇండెక్స్ (కాపీ) చేశాను. ఫీల్డ్ ఫ్లోట్ అయితే కోట్స్‌లో వచ్చిన 97ని అంకెగానే తీసుకుంటుంది. ఇది మొదటి రోజే చేసి ఉంటే ఒక శనివారం మిగిలేది.

అన్నట్టు, ఇండెక్స్ స్టేటస్ పసుపులో ఉంటే కంగారు పడక్కర్లేదు. ఉన్నది ఒకే మెషిన్, రెప్లికా (అదనపు నకలు) పెట్టడానికి చోటు లేదు, అంతే. రెప్లికాల సంఖ్య 0 చేస్తే పచ్చబడుతుంది.

మూడో ఆదివారం

తొమ్మిది రోజుల రికార్డులు గంటలవారీగా గ్రాఫ్ వేశాను. నాలుగు ఖాళీలు రాత్రి రెండుకీ నాలుగుకీ మధ్య! పదింటికి మోటార్ వేసి నింపి పడుకుంటాం, ఆ వేళ నీళ్లు వాడేదెవరు? పై బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకులో నీలం కలిపి చూశాను. పది నిమిషాల్లో కమోడ్‌లోకి నీలం దిగింది. రేపు వాషర్ మార్చాలి.