హెడ్డింగ్ తీసేస్తే లెక్క రావట్లేదా?

ఇంటెగ్రేషన్ ఎక్సర్‌సైజులన్నీ ఇంట్లో చకచకా చేసేసే పిల్లలు మాక్ టెస్టులో అలాంటి లెక్క దగ్గరే ఆగిపోతారు. బ్యాడ్మింటన్‌లో షార్ట్ సర్వీసులు వరసగా ఇరవై చక్కగా వేసే అమ్మాయి మ్యాచ్‌లో మొదటి సర్వీసే నెట్‌కు కొడుతుంది. రెండు చోట్లా కారణం ఒకటే. సాధనలో ఏం చేయాలో ముందే తెలిసిపోతుంది, అసలు చోట అది మనమే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడాన్ని మన దగ్గర ఎవరూ సాధన చేయించరు.

'ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్' తీసుకోండి. బై పార్ట్స్‌తో, అంటే లబ్ధాన్ని రెండు భాగాలుగా విడదీసి ఇంటెగ్రేట్ చేసే పద్ధతితో అయిపోతుంది. పక్కనే 'ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్' పెట్టండి. చూడ్డానికి కవలల్లా ఉన్నా దీనికి బై పార్ట్స్ పనికిరాదు, ఈ పవర్ ఎక్స్ స్క్వేర్‌ను ఇంటెగ్రేట్ చేయబోయి ఇరుక్కుపోతాం. సబ్‌స్టిట్యూషన్ చేసి, అంటే ఎక్స్ స్క్వేర్‌ను టీ అనుకుంటే ఎక్స్ డీఎక్స్ బదులు సగం డీటీ వస్తుంది, రెండు లైన్లలో పని అయిపోతుంది. అలాగే '1 బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1' నేరుగా టాన్ ఇన్వర్స్. ప్లస్ బదులు మైనస్ ఉంటే పాక్షిక భిన్నాలు. పైన 1 బదులు ఎక్స్ ఉంటే మళ్లీ సబ్‌స్టిట్యూషన్, జవాబు లాగ్‌లో. పుస్తకంలో ఇవి వేర్వేరు ఎక్సర్‌సైజుల్లో ఉంటాయి కాబట్టి హెడ్డింగే సగం జవాబు చెప్పేస్తుంది. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఏ ప్రశ్నకూ హెడ్డింగ్ ఉండదు.

డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలు ఇచ్చారు. ఒక్కో రకం వరసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్లకు 20, కలిపినవాళ్లకు 63. మన ఇళ్లలో, కోచింగ్‌లలో చూసేది మాత్రం ఆ మొదటి అంకెనే. బ్యాడ్మింటన్‌లోనూ ఇదే తేలింది. 1986లో గూడ్, మ్యాగిల్ అనే పరిశోధకులు షార్ట్ (నెట్ దాటగానే పడేది), లాంగ్ (వెనక గీత దాకా వెళ్లేది), డ్రైవ్ (తక్కువ ఎత్తులో వేగంగా దూసుకెళ్లేది) సర్వీసులు నేర్పి చూస్తే, ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేసినవాళ్లే తర్వాతి పరీక్షలో ముందున్నారు. సాధన చేయని రెండో వైపు సర్వీస్ కోర్టు నుంచి వేయించినా వాళ్లదే పైచేయి.

ఇక చేసే తీరు. ముప్పై షటిల్స్ పెట్టుకోండి. నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో షార్ట్ సర్వీస్ లైన్ ఉంటుంది, దాని వెనకే ఒక టవల్ పరచండి. సింగిల్స్ వెనక గీత లోపల ఇంకొకటి. డ్రైవ్‌కు గురి అవతల నిలబడ్డ తోడు ఆటగాడి భుజం. ప్రతి సర్వీసుకూ ముందు ఏది వేయాలో అతనే చెప్పాలి, అదీ మీరు రాకెట్ పట్టుకుని సిద్ధమయ్యాకే. షార్ట్, లాంగ్, డ్రైవ్ అని వంతుల ప్రకారం తిప్పితే నాలుగో సర్వీసుకే లెక్క తెలిసిపోతుంది. ఆ రోజు చివర్లో ఎన్ని పడ్డాయన్నది పట్టించుకోవద్దు. మర్నాడు వార్మప్ అయిన వెంటనే, ప్రాక్టీస్ సర్వీసులు లేకుండా వేసిన మొదటి తొమ్మిదిలో ఎన్ని గురికి చేరాయో రాసుకోండి. నేర్చుకున్నది అక్కడే తెలుస్తుంది.

లెక్కలకు రోజుకు పన్నెండు చాలు: నాలుగు ఇవాళ్టి చాప్టర్‌వి, ఎనిమిది పాతవి. నంబర్లు చీటీల మీద రాసి కలిపేయండి. మొదట ఏదీ చేయకుండా, ప్రతి లెక్క పక్కన మార్జిన్‌లో పద్ధతి పేరు మాత్రం రాయండి. తర్వాత చేయండి. తప్పు పడితే పద్ధతి తప్పా, గుణకారం తప్పా చూసి 'ప' అనో 'గు' అనో గుర్తు పెట్టండి. 'ప'లు ఎక్కువుంటే ఇంకో యాభై లెక్కలు చేసినా లాభం లేదు, జతలుగా పెట్టి తేడా చూడాలి. ఈ గుర్తులు పెట్టడం చాలామంది మానేస్తారు, నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ప్రాణం ఇదే. జవాబులు కూడా అదే రోజు సరిచూసుకోవాలి, లేకపోతే తప్పు పద్ధతే గట్టిపడుతుంది.

ఏది పడితే అది కలిపినా ప్రయోజనం ఉండదు. కెమిస్ట్రీ సమీకరణం, తెలుగు వ్యాకరణం ఎవరూ ఒకదానికొకటి పొరబడరు. ఒకేలా కనబడేవే కలపాలి. సబ్జెక్టు గీత దాటి కలపదగ్గవీ ఉన్నాయి: లెక్కల్లో అవకలనం (డిఫరెన్షియేషన్), ఫిజిక్స్‌లో వేగం, త్వరణం. స్థానం సమీకరణమిచ్చి త్వరణం అడిగితే, రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయాలని తట్టనివాళ్లు అదే పని లెక్కల పేపర్లో అలవోకగా చేస్తారు.

అసలు రానిదాన్ని కలపడం ఎక్కువగా జరిగే పొరపాటు. షార్ట్ సర్వీస్ పదిలో సగం కూడా నెట్ దాటనప్పుడు అదొక్కటే వేయించాలి. బ్యాక్‌హ్యాండ్ పట్టు, షటిల్ వదిలే ఎత్తు కుదిరాక కలపాలి. కలిపిన మొదటి వారం మార్కులు పడిపోతాయి, పిల్లలు డీలా పడతారు, తల్లిదండ్రులు కంగారుపడి పాత పద్ధతికి లాగేస్తారు. ఆ పడిపోవడం ముందే చెప్పి ఉంచండి. పరీక్షకు నెల ముందు 'ప' గుర్తులు ఒకే చాప్టర్‌లో గుంపుగా కనబడితే, దాన్ని రెండు రోజులు విడిగా చేసి మళ్లీ చీటీల్లో కలిపేయండి.