నర్సింగ్ నుంచి సేఫ్టీకి: నెబోష్ రాసేవారితో నాలుగు మాటలు

అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ నెబోష్ (పనిచోట భద్రత మీద పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థ) ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ పూర్తి చేశాను. ఇప్పుడు కాకినాడ దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెల్త్ సెంటర్ చూసుకుంటూ సేఫ్టీ విభాగంతో కలిసి పనిచేస్తున్నాను. నర్సింగ్ చదివినవాళ్లు ఈ పరీక్ష గట్టెక్కగలరా అని అడిగేవారు ఎక్కువయ్యారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా కోచింగ్ వాళ్లు గట్టిగా చెప్పని సంగతి. ఫ్యాక్టరీలో చట్టం ప్రకారం నియమించే సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు సాధారణంగా ఇంజినీరింగ్ చదువు గాని, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ గాని కావాలి. దానికి తోడు ఫ్యాక్టరీ అనుభవం, ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 40బి సెక్షన్ వెయ్యిమంది, అంతకు మించి కార్మికులున్న చోట ఆ అధికారి ఉండాలని చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి దించింది. పోస్టులు పెరుగుతాయి, నిజమే. కానీ జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ పక్కన నెబోష్ చేర్చినంత మాత్రాన ఆ కుర్చీ మనది కాదు. మనకు తెరుచుకునేవి ఫ్యాక్టరీ హెల్త్ సెంటర్లు, నిర్మాణ సంస్థల సేఫ్టీ బృందాలు, గల్ఫ్ కాంట్రాక్టు కంపెనీలు. ఇది తెలిసి ఫీజు కట్టండి. కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసర్‌కు రావాలన్న నిబంధన కూడా రూల్స్‌లో ఉంది. అందులోనైనా నన్ను మించినవారు లేరనుకున్నాను. తీరా చూస్తే మా ప్లాంటులో చాలామంది ఒడిశా వాళ్లు.

పరీక్ష రెండు భాగాలు. ఐజీ1 ఓపెన్ బుక్. ఒక ఊహాజనిత కంపెనీ కథ ఇస్తారు, ప్రశ్నలు దాని మీదే వస్తాయి. 24 గంటల్లో జవాబులు అప్‌లోడ్ చేయాలి, పాస్ మార్కు 45. తర్వాత వీడియోలో చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది, ఆ జవాబులు రాసింది మీరేనా అని తేల్చుకోవడానికి. ఐజీ2 మీరు ఎంచుకున్న పనిచోట చేసే రిస్క్ అసెస్‌మెంట్, అంటే అక్కడి ప్రమాదాలను గుర్తించి అంచనా వేయడం. కథ బయటికి రాగానే జవాబులు అమ్ముతామంటూ వాట్సాప్‌లో మెసేజీలు వస్తాయి. వాటి జోలికి పోకండి. ఒకే జవాబు ఇద్దరి పేపర్లలో కనిపిస్తే ఇద్దరికీ ముప్పే.

నర్సులకు అసలు చిక్కు ఇంగ్లీషు కాదు, సిలబస్ పెద్దదవడమూ కాదు. మన చేతులకు అలవాటైన పని వేరు, ఈ పరీక్ష అడిగేది వేరు. ఏటిగట్టుకు గండి పడ్డాక పడవలేసుకుని వెళ్లి జనాన్ని తెచ్చేది ఆసుపత్రి. గట్టు ఎక్కడ నానుతోందో ఎండాకాలంలోనే తిరిగి చూడమంటుంది సేఫ్టీ.

ఉదాహరణకు 2023 ఫిబ్రవరిలో పెద్దాపురం మండలం రాగంపేటలో వంటనూనె ఫ్యాక్టరీ ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. ఈ వార్త చదవగానే నర్సు బుర్ర ఆక్సిజన్, సీపీఆర్, అంబులెన్స్ అంటుంది. ఇలాంటి కథే ఐజీ1లో వస్తే వాటికి దక్కేది ఒకటో రెండో మార్కులు. దిగడానికి ముందు పర్మిట్ (రాతపూర్వక అనుమతి) ఎవరు రాయాలి? లోపలి గాలిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని ఎవరు పరీక్షించాలి? పైన కాపలా ఎవరు? దిగినవాడు పడిపోతే వెనకాలే ఇంకొకరు దూకకుండా ఆపే ఏర్పాటు ఏమిటి? అసలు మనిషి దిగకుండా బయటి నుంచే కడిగే మార్గం లేదా? పరీక్ష తవ్వేది ఇక్కడ. మూసి ఉన్న ట్యాంకుల ప్రమాదాల్లో కాపాడటానికి దిగినవారు కూడా పోవడం తరచుగా చూస్తాం. ఆ ఏర్పాటు లేకపోవడం కార్మికుడి తప్పు కాదు, యాజమాన్యం వైఫల్యం. ఈ మాట జవాబులో స్పష్టంగా కనబడాలి.

అందుకే సిలబస్‌లో మొదటి నాలుగు అధ్యాయాలు, అంటే మేనేజ్‌మెంట్ భాగం, విసుగనిపించినా అక్కడే ఎక్కువసేపు కూర్చోండి. ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 155వ ఒప్పందం (1981), దానికి తోడైన 164వ సిఫారసు చిన్నవే. యజమాని బాధ్యతలున్న 16వ ఆర్టికల్, కార్మికులకు సంబంధించిన 19వ ఆర్టికల్ తెలిసి ఉండాలి. ప్రతి పాయింటు పక్కన కథలోంచి ఆధారం చూపాలి. "శిక్షణ లేదు" అని వదిలేయకుండా "సూపర్‌వైజర్ కొత్తవాడిని మొదటి రోజే ఒంటరిగా యంత్రం దగ్గర నిలబెట్టాడు, శిక్షణ ఇవ్వలేదనడానికి ఇదే సాక్ష్యం" అన్నట్టు రాయాలి. చూసింది చూసినట్టు కేస్ షీటులో రాసే అలవాటు మనకు ఉంది కాబట్టి ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఐజీ2లో మాత్రం మనదే పైచేయి. చాలామంది ఏదో వర్క్‌షాపు ఊహించుకుని రాస్తారు. మీరు మీ ఆసుపత్రినే తీసుకోండి. కనీసం పది హజార్డులు (హాని చేయగలిగినవి), అవి కనీసం ఐదు రకాలకు చెందినవి కావాలి. ఆసుపత్రిలో ఒక రౌండు వేస్తే అంతకంటే ఎక్కువే దొరుకుతాయి: సూది గుచ్చుకోవడం, పేషెంటును మంచం మీంచి స్ట్రెచర్ మీదకు ఎత్తడం, ఎండోస్కోపీ గదిలో పరికరాలు శుద్ధి చేసే గ్లూటరాల్డిహైడ్ రసాయనం ఆవిర్లు, గొలుసు కట్టని ఆక్సిజన్ సిలిండర్లు, ఒక్క ప్లగ్గుకు మూడు యంత్రాలు, తడి నేల, ఆటోక్లేవ్, వరుస నైట్ డ్యూటీలు, అటెండెంట్ల దౌర్జన్యం.

సూది సంగతే కాస్త వివరంగా చెబుతాను, మార్కులు ఎక్కడ పోతాయో అందులో తెలుస్తుంది. ఎవరిని అడిగినా మొదట రాసేది "గ్లౌజులు వేసుకోవాలి, జాగ్రత్తగా ఉండాలి". సూదిని గ్లౌజు ఆపదు. నియంత్రణ చర్యలను పైనుంచి, అంటే ప్రమాదాన్ని మొత్తంగా తీసేసే చర్య నుంచి మొదలుపెట్టండి. మాత్రతో పోయేదానికి ఇంజెక్షన్ ఇవ్వడం మానేయడం మొదటిది. తర్వాత సూది దానంతటదే లోపలికి పోయే సిరంజిలు, ఇంజెక్షన్ ఇచ్చే మంచం పక్కనే వాడిన సూదులు వేసే షార్ప్స్ డబ్బా (వార్డు చివర కాదు), వాడిన సూదికి మూత పెట్టకూడదన్న నియమం, హౌస్‌కీపింగ్ సిబ్బందికి కూడా హెపటైటిస్ బి టీకా. గ్లౌజులు చిట్టచివర. ఆఖర్లో మూడు చర్యలను ప్రాధాన్యంగా ఎంచి, నైతికంగా, చట్టపరంగా, ఆర్థికంగా ఎందుకు చేయాలో సమర్థించాలి. టీకా లేనివారికి సూది పోటు వల్ల హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుందని, హెచ్ఐవీకి దాదాపు 0.3 శాతమని మనకు తెలుసు. ఆ అంకెలు రాస్తే సమర్థన నిలబడుతుంది. ఆసుపత్రి పేరు రాయడానికి యాజమాన్యం ఒప్పుకోకపోతే పేరు మార్చుకోవచ్చు, పనిచోటు మాత్రం నిజమైనదే కావాలి.

మనం బలహీనంగా ఉండేది యంత్రాలు, కరెంటు. వాటికి వీడియోలు చూడటం కన్నా తణుకు, మండపేట వైపు ఏదైనా రైస్‌మిల్లులో తెలిసినవాళ్లుంటే ఒక పూట నిలబడి బెల్టులు, వాటి మీది రక్షణ తొడుగులు (గార్డులు), బాయిలర్ చూసి రండి.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆసుపత్రి అనుభవాన్ని తక్కువ చేసి చెప్పకండి. రొయ్యలు ఒలిచే అమ్మాయిలు గోళ్ల చుట్టూ పుండ్లతో వస్తే ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపేవారు చాలామంది ఉంటారు. క్లోరిన్ నీళ్లలో చేతులు ఎంతసేపు ఉంటున్నాయో, గ్లౌజు సైజు సరిపోతోందో లేదో వెళ్లి చూసే నర్సు కంపెనీకి కావాలి. మా దగ్గర అయితే శీతల యంత్రాల్లో వాడే అమ్మోనియా గురించి తప్పక అడుగుతారు: లీకైతే గాలి వచ్చే వైపుకు గాని, గాలికి అడ్డంగా గాని కదలడం, కళ్లలో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగడం నోటికి రావాలి.

చివరగా, నెబోష్ వచ్చింది కదా అని నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపేయకండి. హెల్త్ సెంటర్ ఉద్యోగాలకు ముందు అడిగేది ఆ కాగితమే.