ఆషాఢం తొలిరోజు, కార్ట్‌లో నాలుగు గేములు

26 జూన్ 2025, గురువారం. రాత్రి 11.40.

సేల్ మొదలై గంటా పది నిమిషాలైంది. ఇంకా ఏమీ కొనలేదు. కంప్యూటర్ గేములు ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్‌లో ఖాతా తెరిచిన 2016 నుంచి ఇప్పటిదాకా సమ్మర్ సేల్ మొదటి రాత్రి ఏదో ఒకటి కొనకుండా పడుకున్న గుర్తు నాకు లేదు. అందుకే ఇది రాసి పెట్టుకోవాలనిపించింది.

అమెరికా పడమటి తీరంలో ఉదయం పది గంటలకి సేల్ తెరుస్తారు. మనకి అది రాత్రి పదిన్నర. పాప నిద్రపోయి ఉంటుంది, వంటింట్లో గిన్నెలు సర్దడం అయిపోయి ఉంటుంది, రేపటి ఆఫీసు సంగతి ఇంకా గుర్తుకు రాదు. రోజు మొత్తం మీద నాది అని చెప్పుకోగలిగిన సమయం అదొక్కటే. సరిగ్గా అప్పుడే ఫోన్‌కి మెయిల్ వస్తుంది. విష్‌లిస్టులో పెట్టుకున్న వాటిలో పదకొండు గేముల ధర తగ్గిందని ఈ రోజు మెయిల్. 10.34కి ల్యాప్‌టాప్ తెరిచాను. 10.50 అయ్యేసరికి కార్ట్‌లో నాలుగు గేములు, మొత్తం 1,846 రూపాయలు. యూపీఐ పిన్ కొట్టడమే తరువాయి.

కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పాలంటే పొద్దున నుంచి మొదలుపెట్టాలి.

పొద్దున కాఫీ తాగుతూ అమ్మ గోడ మీద క్యాలెండర్ చూసి "ఈ రోజు నుంచి ఆషాఢం రా, మధ్యాహ్నం ఖాళీ ఉంటే చీరల షాపుకి తీసుకెళ్లు" అంది. శ్రావణంలో పెద్దమ్మ మనవరాలి పెళ్లి ఉంది. పెళ్లికూతురికి పెట్టడానికి ఒక చీర కావాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపులకి బేరాలు తగ్గుతాయి. అందుకే ఆ నెలంతా ఆఫర్లు పెడతారు. శ్రావణంలో పెళ్లి ఉన్నవాళ్లు ఆషాఢంలోనే కొనేసుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నా సేల్, అమ్మ సేల్ ఒకే రోజు వచ్చాయని మాత్రం ఈసారే గమనించాను.

హాఫ్ డే లీవు పెట్టి నిజాంపేట నుంచి కూకట్‌పల్లి వెళ్లాం. గోల్కొండలో తొలి బోనం కూడా ఈ రోజే, అటు వైపు ట్రాఫిక్ ఎలా ఉందోగానీ ఇటు దారి ఖాళీగానే ఉంది. షాపులో మాత్రం నిలబడటానికి చోటు లేదు. ఒకటి కొంటే ఒకటి ఉచితం, మూడు కొంటే ఇంత తగ్గింపు అని ప్రతి అరకీ ఒక బోర్డు వేలాడుతోంది.

అమ్మ ఆ బోర్డుల వంక చూడలేదు. నేరుగా గద్వాల చీరల దగ్గరికి వెళ్లి కూర్చుంది. సేల్స్ కుర్రాడు ఒకదాని మీద ఒకటి పరుస్తూనే ఉన్నాడు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరే వేరే దారాలు, మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. అమ్మ ప్రతి చీరకీ ఆ కలిసే చోటే చూసింది. చీరని తిరగేసి, బొటనవేలితో ఆ గీత వెంబడి జేనెడు దూరం రుద్దింది. ఎక్కడైనా పోగు లేచినట్టు తగిలితే ఆ చీర పక్కకి. రంగు గురించి ఆ తర్వాతే మాట్లాడింది. అలా పదిహేను చీరలు చూసి, పచ్చ ఒంటికి మెరూన్ అంచు ఉన్నది ఒకటి తీసుకుంది.

ఇంకొకటి ఉంది. వంకాయ రంగు, సన్న అంచు. దాని మీద అమ్మ చెయ్యి చాలాసేపు ఉండిపోయింది. కుర్రాడు అది చూసి "తీసుకోండమ్మా, ఈ రేటుకి మళ్లీ రాదు" అన్నాడు. "నెలంతా ఉంటుంది కదా నాన్నా ఆషాఢం" అని అమ్మ నెమ్మదిగా మడత పెట్టి ఇచ్చేసింది.

బయటికొచ్చాక అడిగాను, "నచ్చింది కదమ్మా, నేను కొనిపెడతా, వెనక్కి వెళ్దామా" అని.

"నచ్చిందిరా. కట్టుకోవడానికి రోజులేవీ? బీరువాలో మడత విప్పనివే ఆరున్నాయి."

ఆ మాట దారి పొడుగునా నాతోనే వచ్చింది.

సాయంత్రం పాప హోంవర్క్ అయ్యాక నా పక్కన కూర్చుని స్టీమ్ లైబ్రరీ చూస్తోంది. గేముల అట్టలన్నీ వరసగా కనిపిస్తాయి కదా, వాటిని బొమ్మల పుస్తకంలా చూడటం తనకి ఇష్టం. ఒకచోట ఆగి, చేత్తో లాంతరు పట్టుకున్న నక్క బొమ్మ చూపించి "నాన్నా, ఈ నక్క ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఆ గేమ్ మూడేళ్ల కిందటి శీతాకాలం సేల్‌లో కొన్నాను. ఒక్కసారి కూడా తెరవలేదు. పాప కాసేపు చూసి తర్వాతి బొమ్మకి వెళ్లిపోయింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

తను పడుకున్నాక లెక్కపెట్టాను. మొత్తం 187 గేములు. ఆడిన సమయం సున్నా అని చూపించేవి 94. తొంభై నాలుగు మడత విప్పని చీరలు.

మా ఆవిడ ఈ ఖర్చు గురించి ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు. అడగట్లేదు కాబట్టే లెక్క నేనే చూసుకోవాలి. డబ్బు సంగతి అలా ఉంచి గంటల లెక్క వేశాను. ఒక్కో గేమ్‌కి సగటున పదిహేను గంటలు అనుకున్నా 94కి 1,410 గంటలు. వారానికి నాకు దొరికేది నాలుగు గంటలు, అదీ ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోకపోవడం, ఊరి ప్రయాణాలు లేకపోతే. అంటే 352 వారాలు. దాదాపు ఏడేళ్లు. పాప ఇప్పుడు మూడో తరగతి. ఈ రాత్రి నుంచి ఇంకేమీ కొనకుండా ఉన్నవి ఆడుకుంటూ పోతే, చివరిది అయ్యేసరికి తను పదో తరగతిలోకి అడుగుపెడుతుంటుంది.

ఆ అంకె చూశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఖమ్మంలో మా ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉండేది. గేమ్ కొనడం అనే మాటే లేదు. డిజిట్, చిప్ లాంటి కంప్యూటర్ పత్రికలతో పాటు సీడీ ఇచ్చేవాళ్లు, అందులో గేముల డెమోలు ఉండేవి. ఒక ఎండాకాలం మొత్తం ఒక కార్ల రేసు డెమోతో గడిచింది. ఒకే కారు, ఒకే ట్రాక్. మూడో మలుపు దగ్గర పసుపు బోర్డు, దానికి కాస్త ముందు బ్రేక్ వదిలితే కారు వెనక భాగం జారుతూ లోపలి అంచుకి సరిగ్గా ఆనుకుని వెళ్లేది. మధ్యాహ్నం కరెంటు పోయేది, వచ్చాక మళ్లీ మొదటి నుంచి. వేడికి సీపీయూ డబ్బా మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టేవాణ్ణి. ఆ ఒక్క ట్రాక్ నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. గత రెండేళ్లలో కొన్న గేముల పేర్లు పది చెప్పమంటే చెప్పలేను.

ఉద్యోగం వచ్చాక కూడా చాలాకాలం కొనలేదు. స్టీమ్‌లో ధరలన్నీ డాలర్లలో ఉండేవి, నా డెబిట్ కార్డు పనిచేసేది కాదు. 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే నేను చేరాను. మొదటి సేల్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ కొన్నాను. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగున్నరేళ్లు కూర్చుని, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే చేసుకున్న గేమ్ అది. 140 గంటలు ఆడాను. పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది. సేల్ లేకపోతే దాన్ని కొనేవాణ్ణే కాదు, కాబట్టి సేల్‌ని తిట్టబుద్ధి కాదు నాకు. చిన్న స్టూడియోలకి నాలుగు డబ్బులు వస్తాయి కదా అని ప్రతిసారీ చెప్పుకునే మాట కూడా అబద్ధమేమీ కాదు. కానీ నాలుగేళ్లు రాత్రింబగళ్లు కష్టపడి గేమ్ చేసినవాడికి డబ్బు ఒక్కటే చాలదు కదా, దాన్ని ఎవరో తెరిచి ఆడాలని కూడా ఉంటుంది. నేను 94 మందికి డబ్బు పంపి వాళ్ల తలుపు తట్టకుండా వచ్చేశాను.

మరి ఎందుకు కొంటున్నాను? ఈ రాత్రి నిజాయితీగా ఆలోచిస్తే ఒక సంగతి దొరికింది. కొనే ముందు గేమ్ పేజీ చూస్తున్నప్పుడు నా కళ్ల ముందు గేమ్ ఉండదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటుంది. బయట వాన, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, ఫోన్ మోగదు, మూడు గంటలు నావి. ఆ ఖమ్మం ఎండాకాలం మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. 75 శాతం తగ్గింపు అని పచ్చ డబ్బాలో కనిపించగానే ఆ ఆదివారమే 250 రూపాయలకి దొరుకుతోందని నాకు అనిపిస్తుంది. డబ్బు కట్టగానే గేమ్ వస్తుంది. ఆదివారం రాదు. అందుకే మళ్లీ సేల్ వచ్చేసరికి ఆ కోరిక అలాగే ఉంటుంది.

తొందరపడాల్సిన పని కూడా ఏమీ లేదు. ఒకప్పుడు స్టీమ్‌లో ఫ్లాష్ సేల్స్ ఉండేవి, కొన్ని గంటలకొకసారి ఆఫర్లు మారిపోయేవి. నాకంటే ముందు చేరిన ఆఫీసు మిత్రుడు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాణ్ణని చెప్పేవాడు. 2015 చివర్లో అది తీసేశారు. ఇప్పుడు మొదటి రోజు ఎంత తగ్గిస్తారో చివరి రోజు దాకా మామూలుగా అంతే ఉంటుంది. ఈ సేల్ జులై 10 రాత్రి పదిన్నర వరకు. అది అయిపోతే శరత్కాలంలో ఇంకొకటి, ఆ తర్వాత శీతాకాలంలో, మళ్లీ వసంతంలో. స్టీమ్ ధరల చరిత్ర చూపించే స్టీమ్‌డీబీ అనే సైట్‌లో పాత ధరలు చూస్తే నా కార్ట్‌లో ఉన్న నాలుగింటిలో మూడు మార్చిలో కూడా ఇదే ధరకి ఇచ్చారు. ఇవన్నీ నాకు ఏళ్లుగా తెలుసు. తెలిసినా ప్రతిసారీ మొదటి రాత్రే గుండె దడదడలాడుతుంది, ఈ రాత్రి కొనకపోతే ఏదో చేజారిపోతుందన్నట్టు టెన్షన్.

డబ్బు కట్టే పేజీలో కిందటి అక్టోబరు నుంచి ఒక వాక్యం పెడుతున్నారు, మీరు కొంటున్నది లైసెన్స్ అని, అంటే ఆడుకునే అనుమతి మాత్రమే. ఇన్నాళ్లూ దాని మీదుగా కన్ను జారిపోయేది. ఈ రోజు ఆగి చదివాను. ఖాతా ఇంకొకరి పేరు మీదకి మార్చడానికి వీల్లేదని ఒప్పందంలోనే ఉంది. అమ్మ పెళ్లి పట్టుచీర బీరువా పై అరలో పాత ధోవతిలో చుట్టి ఉంటుంది, అది పాపకి అని ఎప్పుడో చెప్పేసింది. నా 187 గేములు పాపకి ఇవ్వాలంటే నేను ఉండగానే తన పక్కన కూర్చుని ఆడాలి. వేరే దారి లేదు.

పదకొండుంబావుకి కార్ట్ ఖాళీ చేశాను. ఒక్కొక్కటీ తీసేస్తుంటే చెయ్యి ఆగింది, ముఖ్యంగా నాలుగో దాని దగ్గర, ఎందుకంటే దాని ధర ఇంత తక్కువకి ఎప్పుడూ రాలేదు. అయినా తీసేశాను. విష్‌లిస్టులో ఎలాగూ ఉంటుంది. జులై 9 రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాను. అప్పటికీ మనసులో మెదులుతుంటే ఆ ఒక్కటి కొంటాను, బాధపడకుండా కొంటాను.

ఇప్పుడు నక్క గేమ్ డౌన్‌లోడ్ అవుతోంది. 71 శాతం. రేపు శుక్రవారం, పాపకి మర్నాడు బడి లేదు, రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చోవచ్చు. కంట్రోలర్ బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, వచ్చేటప్పుడు కిరాణా షాపులో తీసుకోవాలి.

పక్క గదిలో లైట్ ఇంకా వెలుగుతోంది. అమ్మ పడుకోలేదు. చీర కవర్ చప్పుడు వినిపిస్తోంది.