సముద్రం కనిపించే కిటికీ

విశాఖ లాసన్స్ బే కాలనీలో ఈ ఫ్లాట్ తీసుకున్నదే ఒక్క కిటికీ కోసం. నెలకు రెండు వేలు అద్దె ఎక్కువ. మొదటి వారమంతా కాఫీ అక్కడే. రెండు నెలలు తిరక్కుండానే దానికి కర్టెన్ వేసేశాను. పొద్దున్నే ల్యాప్‌టాప్ మీద ఎండ పడుతోందట, అదీ నా కష్టం!

నిన్న నర్సీపట్నం నుంచి పిన్ని వచ్చింది. వస్తూనే, "ఇంత సముద్రం ఎదర పెట్టుకుని తెర కట్టేసినావేటే?" అని కర్టెన్ లాగేసింది. చిక్కుడుకాయలు ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ, మధ్యలో చెయ్యి ఆపి పడవలు లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెడితే తొమ్మిది. దానికే పడీ పడీ నవ్వింది.

1998లో డేనియల్ కానెమన్, డేవిడ్ ష్కేడ్ అనే పరిశోధకులు అమెరికాలో కాలిఫోర్నియా విద్యార్థుల్నీ, చలి రాష్ట్రాల విద్యార్థుల్నీ అడిగి చూశారు. వాతావరణం బాగుండే కాలిఫోర్నియా వాళ్లే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు ప్రాంతాల వాళ్లూ అనుకున్నారు. తీరా చూస్తే జీవితం మీద తృప్తి చలి రాష్ట్రాల వాళ్లకూ అంతే ఉంది. అది చదివి, అందానికీ సంతోషానికీ లింకే లేదని తేల్చేసుకున్నాను. మరి 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కైలాసగిరి చెట్లను కూల్చేస్తే, ఏళ్ల తరబడి తలెత్తి చూడని నాకు ఆ బోడికొండ చూసి ఏడుపెందుకొచ్చింది?

పిన్ని కర్టెన్ నానబెట్టేసింది. ఇంకా ఆరలేదు. ఇందాక నేను లెక్కపెడితే పడవలు ఏడే.