మా అపార్ట్‌మెంట్ అట్టపెట్టెలు తుక్కు కొట్టుకి చేరేదాకా

రాజమండ్రిలో మాది చిన్న అపార్ట్‌మెంట్. ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగాక ఏ గుమ్మం ముందు చూసినా అట్టపెట్టెలే, వాటిని తీసుకెళ్లి తడి చెత్తలో కుక్కేస్తుంటే చూడలేక, కనీసం కాగితం, అట్ట వరకైనా విడిగా పోగుచేసి అమ్మిద్దామని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగాను. ఇంట్లోనే చెత్త వేరు చేయాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016 నుంచే ఉంది కాబట్టి కాదన్నవాళ్లు లేరు.

చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. అప్పటిదాకా చేతికందిన అట్టలు ఏరి అమ్ముకుంటున్నది మా వాచ్‌మన్ కుటుంబం. ఇక నుంచి ఆ సొమ్ము అసోసియేషన్ ఫండ్‌లో వేద్దామని కొందరు గట్టిగా పట్టుబట్టారు. నాకది అస్సలు నచ్చలేదు. ఆ కాస్త మొత్తం మన మెయింటెనెన్స్‌లో ఏ మూలకీ రాదు, వాళ్లకైతే గ్యాస్ బండకి ఆసరా. ఇంటింటికీ తిరిగి మాట్లాడితే చివరికి ఒప్పుకున్నారు: కట్టలు కట్టే పని వాచ్‌మన్ భార్యది, వచ్చేదంతా ఆవిడదే.

తర్వాత తుక్కు కొట్టుకి వెళ్లాను. "అట్ట ఎంతైనా తెండి మేడమ్, తడి మాత్రం ఉండకూడదండి, మిల్లువాళ్లు తరుగు తీసేస్తారు" అన్నాడాయన. అక్కడ పనిచేసే పెద్దాయన పెట్టె అడుగున కత్తి పెట్టి టేపు ఒక్క లాగుతో ఊడదీయడం, పిన్నులు పీకి, కాలితో తొక్కి పరిచి, పురికొసతో బిగించడం చూశాక ఆ పని మన ఇంట్లోనే ఎంత తేలిగ్గా అయిపోతుందో అర్థమైంది. న్యూస్‌పేపర్, తెల్ల కాగితం, అట్ట దేని గుట్ట దానిదే, దేని రేటు దానిదే, అన్నీ కలిపి ఇస్తే తక్కువ రేటే కడతారు. మిల్లులో వీటిని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు, అందుకే నూనె పట్టిన పిజ్జా పెట్టె పనికిరాదు, ఆ నూనె నీళ్లలో కలవక కొత్త కాగితం మీద మరకలై తేలుతుంది. కాగితం టీ కప్పులకి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఏటీఎం స్లిప్పులకి రసాయనాల పూత, ఇవీ వద్దు. మన ఊళ్లోనే పెద్ద పేపర్ మిల్లు ఉందిగా, అక్కడికే వెళ్తాయేమో అని మావాళ్లు చాలామంది అనుకున్నారు. అది ప్రధానంగా సరుగుడు, సుబాబుల్ కర్రతో నడిచే మిల్లు. మన అట్టలు వెళ్లేది పాత కాగితం నుంచి అట్ట తయారుచేసే మిల్లులకి.

వానాకాలం వచ్చేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. సెల్లార్‌లో నేలంతా చెమ్మ, కింద పెట్టిన కట్ట తెల్లారేసరికి మెత్తబడిపోతుంది. లిఫ్ట్ పక్కన ఇటుకలు పేర్చి, వాటి మీద పాత తలుపు చెక్క వేయించి, పైన టార్పాలిన్ కప్పించాం. ఇదొక్కటి చేస్తే సగం పని అయినట్టే, కాబట్టి ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు పొడిగా ఉండే చోటు చూసుకోండి, కొట్టువాడిని తర్వాత వెతకొచ్చు.

న్యూస్‌పేపర్ల సంగతి నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అట్ట కన్నా వాటికే రేటెక్కువ, కానీ అందులో కొంత బజ్జీల బండ్ల దగ్గరకి పొట్లాలుగా చేరుతుంది. వేడి పదార్థాలు న్యూస్‌పేపర్లో కట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎన్నోసార్లు చెప్పింది, సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయి. పోనీ అన్నీ మిల్లుకే పంపమంటే వాచ్‌మన్ భార్యకి వచ్చేది తగ్గిపోతుంది. అదృష్టం బాగుండి, గాజు సామాను అమ్మే కొట్టాయన ప్యాకింగ్‌కి అదే రేటుకి తీసుకుంటానన్నారు, ఇప్పుడు అన్నీ ఆయనకే వెళ్తున్నాయి.

తేలనివి శుభలేఖలే. పైన లామినేషన్, వినాయకుడి బొమ్మకి బంగారు రంగు రేకు, తుక్కు కొట్టులో పక్కకి తీసిపడేస్తున్నారు. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్న రెండు ఇళ్లవాళ్లని ఈసారి మామూలు కాగితం మీద అచ్చు వేయించమని అడిగాను. ఒకరు సరేనన్నారు, ఇంకొకరు మగపెళ్లివారిని అడిగి చెప్తామన్నారు.